లెఫ్ట్ కార్నర్

ఫ్లెక్సీలో వాడికి నీలం కోటు తొడిగారు. బతికిన నలభై మూడేళ్లలో వాడు కోటు వేసుకున్నది లేదు, పెళ్లిలో కూడా తెల్ల చొక్కాయే. సోంపేటలో ఫొటో స్టూడియో కుర్రాడు ఎవరి మొండేనికో వాడి తల అతికించి, వెనకాల రెండు పావురాలను ఎగరేసి, కింద 'సేవా తత్పరుడు, త్యాగశీలి' అని అచ్చు వేశాడు. ఆ రెండు మాటలూ ఇచ్చింది నేనే. "మీరు తెలుగు మేస్టారు కదా, మంచి మాటలు రెండు చెప్పండి" అని ఫోన్ చేస్తే నోటికొచ్చినవి చెప్పేశాను.

రామమందిరం ముందు సంతాప సభలోనూ అదే పని చేశాను. "కుటుంబాన్ని సైతం పక్కనబెట్టి, ఎవరినీ ఏమీ అడగకుండా, ఒంటరిగా ఊరికి సేవ చేసిన ధన్యజీవి" అన్నాను. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. ఆడవాళ్ల వైపు చూస్తే వాడి భార్య తల దించుకుని చాప అంచు పీకుతోంది.

పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆమె టీ ఇచ్చి, గడప దగ్గర కూర్చుని, నెమ్మదిగా అడిగింది.

"ఆయన మమ్మల్ని పక్కన పెట్టినారని అన్నారు కదా మేస్టారు గారూ. మేం పక్కన నేం. కింద ఉన్నాం."

టీ సగంలో వదిలి వచ్చేశాను. నా ప్రసంగం మొదటి నుంచి మళ్లీ రాసుకోవాలని అప్పుడే అనిపించింది. ఇది అదే. పేరు రాయను, ఇంటివాళ్లు వద్దన్నారు. వాడు నా విద్యార్థి. బళ్లో మేం పిలిచిన పేరుతోనే పిలుస్తాను, లెఫ్ట్ కార్నర్ అని. కబడ్డీ వరసలో వాడి చోటు అది.

ఉద్దానం తెలియనివాళ్లకు ఒక మాట. శ్రీకాకుళం జిల్లాలో ఉత్తరపు కొసన కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు పల్లెల్ని అలా అంటాం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మహేంద్రగిరి, నడుమ కొబ్బరి, జీడి, పనస. అక్కడి ఒక హైస్కూల్లో నేను తెలుగు చెప్పాను. చాలా ఏళ్లు మా బడికి పీఈటీ లేడు. పొడుగ్గా ఉన్నానని విజిల్ నా మెడలో వేశారు. ఆగస్టు 29 వస్తే అందుకే నాకు రెండు పండగలు. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు కాబట్టి తెలుగు భాషా దినోత్సవం, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కాబట్టి క్రీడా దినోత్సవం. ఒకే చాక్లెట్ల పొట్లంతో రెండూ కానిచ్చేవాణ్ణి.

గిడుగు వారిది మా జిల్లాయే. 1863లో పర్వతాలపేటలో పుట్టారు. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడారు. సవరల భాష నేర్చుకుని ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు. ఆగస్టు 29న ఇదంతా మైకులో చెప్పి, 30వ తేదీన నేను పిల్లల నోట్‌బుక్కుల్లో 'నేదు'ను ఎర్ర పెన్నుతో కొట్టేసి 'లేదు' చేసేవాణ్ణి. లెఫ్ట్ కార్నర్ పుస్తకం నిండా ఎరుపే. ఒకసారి వాడు బడికి రాకపోవడానికి కారణం రాసి తెచ్చాడు: 'మా నాన్నకి ఒంట్లో బాగునేదు.' నేను 'బాగాలేదు' అని దిద్ది సంతకం పెట్టాను. ఏం బాగాలేదని మాత్రం అడగలేదు.

1996లో వాడు పదో తరగతి. తెలుగులో ముప్పై ఎనిమిది మార్కులు. వేమన పద్యం అప్పజెప్పమంటే రెండో పాదం దగ్గర ఆగి, నన్నొకసారి చూసి, నేరుగా విశ్వదాభిరామకు దూకేవాడు. కబడ్డీ కోర్టులో మాత్రం వాడి జ్ఞాపకశక్తి వేరు. ఔటైనవాడు బయట వరసలో కూర్చుంటాడు కదా. మా పల్లెల్లో 'చచ్చాడు' అంటాం. మనకో పాయింటు వస్తే ముందు చచ్చినవాడు ముందు బతుకుతాడు. రెండు జట్లలోనూ ఎవరి తర్వాత ఎవరు చచ్చారో, ఎవరు బతకాలో వాడికి నోటికి ఉండేది. స్కోరు రాసే మేస్టార్లు కూడా తగువొస్తే వాణ్ణే అడిగేవారు.

కబడ్డీ చూసేవాళ్లకు కూత పెట్టి వెళ్లే రైడరే కనిపిస్తాడు. ముప్పై సెకన్లు కళ్లన్నీ అతని మీదే. ఎదురుగా ఏడుగురు నిలబడతారు, ఆ వరసకు రెండు చివర్ల ఉండేవాళ్లు కార్నర్లు. కార్నర్‌ పనిలో ముప్పాతిక వంతు కాచుకోవడమే. రైడర్ లోపలికి వేసిన కాలు వెనక్కి తీసుకునే ముందు అర క్షణం ఒంటి బరువంతా దాని మీద ఉంటుంది. అప్పుడు దొరకాలి చీలమండ. తొందరపడితే తన్ని పోతాడు, ఆలస్యమైతే చేతికి గాలి దొరుకుతుంది. దొరికాకే అసలు కష్టం మొదలు. పట్టినవాడు నేల మీద బోర్లా పడి ఉంటాడు, రైడర్ వాణ్ణి ఈడ్చుకుంటూ మధ్య గీత వైపు పోతాడు. వేలి కొస గీతకు తగిలిందా, పట్టినవాడే చచ్చినట్టు. అందుకే కార్నర్ కాలు పట్టగానే పక్కన నిలబడే ఆటగాడు, అంటే కవర్, వచ్చి మీద పడాలి, వెనకే మిగతావాళ్లు. "పట్టీసినాను, రండ్రా!" అని వాడు మట్టిలోంచి అరిచే అరుపు మా బడి వెనక జీడితోటలో ఇంకా వినిపిస్తోందని రాయొచ్చు గానీ, అబద్ధమవుతుంది. ఆ తోట తిత్లీ తుపానులో పోయింది.

ఇంటర్ మధ్యలో మానేశాడు. ఆర్మీ సెలక్షన్లకు వెళ్లి పరుగులో నెగ్గాడు కూడా. మా జిల్లాలో ప్రతి ఊళ్లోనూ సైన్యంలో చేరినవాళ్లుంటారు, వీడూ వెళ్లిపోతాడనుకున్నాం. అంతలో తండ్రి కాళ్లు వాచాయి. ముందు బరంపురం తీసుకెళ్లారు, తర్వాత విశాఖపట్నం. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. మా వైపు ఈ జబ్బు ఇంటికొకరిని పట్టుకుపోతోందని అప్పటికే జనానికి తెలుసు. కారణం ఇదీ అని ఎందరు పరీక్షలు చేసినా తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. నీళ్లన్నారు, ఎండలో పని అన్నారు, ఒళ్లునొప్పుల బిళ్లలు అన్నారు. తండ్రిని తీసుకుని వాడు కంచిలిలో రైలెక్కేవాడు (స్టేషన్ బోర్డు మీద సోంపేట అని ఉంటుంది, ఊరు మాత్రం కంచిలి). రెండు వందల కిలోమీటర్ల పై మాట ప్రయాణం, నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ మీద (పనిచేయని కిడ్నీల బదులు రక్తాన్ని శుభ్రం చేసేది అదే), మళ్లీ అంత దూరం వెనక్కి. వారానికి రెండుసార్లు. పద్నాలుగు నెలలకు తండ్రి పోయాడు, అర ఎకరం జీడితోటా పోయింది.

తర్వాత వాడు పాత వ్యాను కొన్నాడు. కొబ్బరికాయలు, జీడిపిక్కలు తోలడానికి. పక్కింటాయనకు అదే జబ్బు వస్తే శ్రీకాకుళం తీసుకెళ్లాడు. "బండిలో ఇంకా నలుగురికి జాగా ఉంది మేస్టారూ, డీజిల్ అంతే అవుతాది" అన్నాడు. అలా మొదలైంది. సేవ అనే మాట వాడి నోట నేనెప్పుడూ వినలేదు. 'ట్రిప్పు' అనేవాడు. ఆ ట్రిప్పుల్లో కోర్టు జ్ఞాపకం మళ్లీ పనికొచ్చింది. ఎవరికి ఏ షిఫ్టు, ఎవరి తర్వాత ఎవరు మిషనెక్కాలి, ఎవరికి పోయినసారి బీపీ పడిపోయింది, అన్నీ నోటికే. ఎవరు ఏం తినకూడదో కూడా. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు, అందుకే కొబ్బరి నీళ్లు, పనసపండు కూడదంటారు. ఉద్దానంలో పుట్టినవాడికి కొబ్బరి నీళ్లు తాగొద్దని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. వాడు చెట్టు కింద కూర్చున్న ముసలాయన చేతిలోంచి బొండం లాక్కుని, తిట్లు తిని, ఆ నీళ్లు తనే తాగేసేవాడు.

ఇక సభలో నేనన్న 'ఎవరినీ ఏమీ అడగలేదు' సంగతి.

2011 వేసవిలో వాడు లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. పేజీ నిండా గడులు గీసి ఉన్నాయి. ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు రోజులు, ఏడు పేర్లు. మా పాత బడి జట్టు! తన పేరు మంగళవారం ఒక్కదానికే రాసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక్కొక్కరు ఒక్కో రోజు బండి తీయాలి. అందంగా రాసి ఇమ్మంటే రాసిచ్చాను. మొదటి నెల బాగానే సాగింది. తర్వాత ఒకడికి గల్ఫ్ వీసా వచ్చింది, ఒకడి ఆర్మీ సెలవు అయిపోయింది. ఒకడి ఇంట్లో "ఆ రోగం మనకీ అంటుకుంటాదేటో" అన్నారు. అది అంటురోగం కాదని వాడు వెళ్లి చెప్పొచ్చాడు, అయినా వాళ్లు ఒప్పుకోలేదు. ఇంకొకడు కారణమే చెప్పలేదు. దసరాకు ఆరు పేర్ల మీద గీతలు పడ్డాయి.

నన్నూ అడిగాడు. నాకు డ్రైవింగ్ రాదన్నాను. ఆసుపత్రిలో చీటీ పట్టుకుని వరసలో నిలబడటానికి డ్రైవింగ్ రానక్కర్లేదని అప్పుడు నాకు తట్టలేదు. తట్టలేదని ఇప్పుడంటున్నాను గానీ, తట్టి ఉండొచ్చు కూడా.

ఆ ఏడు పేర్లలో ఇద్దరు సంతాప సభ వేదిక మీద నా పక్కనే ఉన్నారు. ముగ్గురం కలిసి 'ఒంటరిగా పోరాడాడు' అన్నాం. వాడు కాలు పట్టుకుని మట్టిలోంచి కేకేశాడు, మేం మా మా చోట్ల నిలబడి చూశాం, గీత దాకా ఈడ్చుకుపోయాక చప్పట్లు కొట్టాం. 'ఒక్కడే చేశాడు' అన్నమాట పొగడ్త ఎలా అవుతుంది? పక్కనున్న ఆరుగురి మీద నేరారోపణ అది. మనం దాన్ని పూలదండలా చుట్టి ఫొటోకి వేస్తున్నాం.

మా జిల్లాకు ఆటగాళ్లను గుర్తుపెట్టుకోవడం రాక కాదు. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గొలుసులు తెంచిన కథలు మా తాత చెప్తే విన్నాను. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. 2000 సెప్టెంబరులో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మా జిల్లా పిల్ల! ఆ రోజు వేళ కాని వేళ బెల్లు కొట్టించి పిల్లలందరికీ చెప్పాను, నా గొంతు పూడుకుపోయింది. వాళ్లను తలుచుకోవడంలో తప్పేమీ లేదు. కానీ బరువెత్తడం ఒక్కరి పని. చూసేవాళ్లకు చప్పట్లు కొట్టడం తప్ప వేరే పని ఉండదు. ఆ అలవాటుతోనే మనం కబడ్డీ కార్నర్‌నూ చూస్తున్నాం. పైగా ఇప్పుడు బళ్లలో ఆటల పీరియడ్ కూడా స్టడీ అవర్ అయింది. ఎవడో కాలు పట్టుకుంటే పరిగెత్తి వెళ్లి మీద పడాలన్న సంగతి పిల్లలకు ఇంకెక్కడ తెలుస్తుందో నాకు తెలియదు.

వాడి జీవితంలో కవర్లు వచ్చి పడిన రోజు ఒకటుంది. 2018 అక్టోబరు 11, తిత్లీ తీరం దాటిన రోజు. నేను రిటైరైన ఏడాదే. తెల్లారి చూస్తే మా ఊరు మాకే గుర్తు తెలియలేదు. కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు పడుకుని ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ రోజు మిషనెక్కాల్సినవాళ్లు చుట్టుపక్కల నలుగురున్నారు. ఒకటి రెండు సిట్టింగులు తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. హైవేకి ఆరు కిలోమీటర్లు, దారి నిండా చెట్లే. వాడు సాయంత్రం కబడ్డీ నేర్పే కుర్రాళ్లను పోగేశాడు. ఇరవై మంది దాకా ఉంటారు. రంపాలు, గొడ్డళ్లు, కొబ్బరి మోకులు. ఏడేసి మందిని జట్లు కట్టాడు, ఒక జట్టు నరకడం, ఒకటి ఈడ్వడం, ఒకటి తినడం. నేను విజిల్ పట్టుకుని వెనకాల నడిచాను. ఎందుకో నాకే తెలియదు, చేతిలో ఏదో ఉండాలనిపించింది. మర్నాడు పదింటికి బండి పట్టేంత దారి తెరుచుకుంది. నలుగురిలో ముగ్గురే బండెక్కారు.

వారం తర్వాత ఒక పేపర్లో 'ఒంటిచేత్తో దారి తెరిచిన యువకుడు' అని పడింది. ఇరవై మంది ఉన్న ఫొటోలో వాడి మొహం చుట్టూ గుండ్రంగా గీత గీశారు. వాడు దాన్ని కుర్రాళ్లకు చూపించి "మిగతావోళ్లంతా చచ్చినట్టేట్రా" అని నవ్వాడు.

ఇప్పుడు 'కుటుంబాన్ని పక్కనబెట్టి' సంగతి. దీని గురించి నాకు తెలిసింది చాలా తక్కువ, అదీ వాడు పోయాకే తెలిసింది. ఆమె పాల లెక్క రాసే పుస్తకం తెచ్చి చూపించింది. వెనక పేజీల్లో బండి లెక్క. టైర్లు, క్లచ్ ప్లేటు, ఇన్సూరెన్సు. పుస్తెలతాడు తాకట్టు రెండుసార్లు, విడిపించింది ఒకసారే. ఆమె జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. పిక్క పెంకులోని జీడి కాలుస్తుంది కాబట్టి వేళ్ల చివర్లు నల్లగా, తోలు లేచిపోయి ఉంటాయి. బండిలో డీజిల్ చాలా నెలలు ఆ వేళ్ల మీదే నడిచింది. తోడు ఎవరూ లేని రోగులకు డబ్బా కట్టింది ఆమే. కూరగాయలు ముక్కలు కోసి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి అప్పుడు కూర వండాలని, అలా చేస్తే పొటాషియం తగ్గుతుందని ఆమె నాకు వివరంగా చెప్పింది. నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, అంత శుభ్రంగా ఎవరైనా ఒక సంగతి వివరించడం ఎప్పుడోగానీ వినలేదు. అర్ధరాత్రి తలుపు కొడితే ముందు లేచేది ఆమేనట. "ఆయనది మొద్దు నిద్ర" అని కొంచెం నవ్వింది కూడా. 'కుటుంబాన్ని పక్కనబెట్టి' అని మనం అనేసరికి ఈ లెక్కంతా సున్నా అయిపోతుంది. వాడు త్యాగశీలి అయ్యాడు. ఆమె ఎవరయింది?

ఆమెకు కోపం లేదని రాయను, ఉంది. పెద్దపిల్ల ఫీజు కట్టాల్సిన రోజున బండికి గేర్‌బాక్స్ పోయిన సంగతి చెప్పేటప్పుడు గొంతు మారింది. వాడు మంచివాడే గానీ ఇంట్లో అడక్కుండా మాట ఇచ్చేసేవాడు. అది వాడి తప్పే.

నా రెండో తప్పు రక్తదాన శిబిరం దగ్గర జరిగింది. ఊళ్లో జనవరి 26కి, ఆగస్టు 15కి పెట్టే శిబిరంలో రిజిస్టరు రాసేది నేనే. ప్రతిసారీ మొదటి వరసలో వాడి పేరే ఉండేది. 2021 జనవరిలో వాడు వచ్చాడు గానీ బల్ల మీద పడుకోలేదు. అరటిపళ్లు పంచుతూ తిరిగాడు. "నేను మందులు వాడతన్నాను మేస్టారూ, ఈసారికి వద్దు" అన్నాడు. సరే అని తర్వాతి పేరు రాసుకున్నాను. ఏం మందులని అడగలేదు. అప్పటికే వాడి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్త పరీక్ష, ఒకటికి అటూ ఇటూగా ఉండాలి) 2.8 అట, ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఐదేళ్ల తర్వాత కూడా నేను అదే మేస్టారుని. ముందున్న కాగితం దిద్దుకుని, వెనకనున్న మనిషిని వదిలేశాను.

2022లో డయాలసిస్ మొదలైంది. అప్పటికి సోంపేటలోనే మిషన్లున్నాయి కాబట్టి దూరం తగ్గింది. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. ధమనిని, సిరను కలిపి కుడతారు, సూదులు అక్కడే గుచ్చుతారు. ఆ చేత్తో పెద్ద బరువులు ఎత్తకూడదు, దాని మీద ఒత్తిడి పడనివ్వకూడదు. ఎందరి చీలమండలనో బిగించి పట్టిన చెయ్యి అది. చూడ్డానికి వెళ్తే నా వేళ్లు తీసి దాని మీద పెట్టించుకున్నాడు. లోపల రక్తం జుమ్మని పరిగెత్తుతోంది. "చూడండి మేస్టారూ, లోపల రైడరు కూత పెడతన్నాడు" అన్నాడు.

మొదట్లో వాడే బండి నడుపుకుంటూ వెళ్లి, నాలుగు గంటలు మిషన్ మీద ఉండి, మిగతావాళ్లను ఎక్కించుకుని తనే వెనక్కి నడిపేవాడు. ఒకసారి కళ్లు తిరిగి బండి కాలువలో దిగాక ఆమె ఒప్పుకోలేదు. ట్రిప్పుకు ఐదు వందలిచ్చి డ్రైవర్ని పెట్టింది. ఆ ఐదు వందలు ఎక్కణ్ణించి వచ్చాయో మళ్లీ చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్లూ వచ్చాయి. వాడు కొళాయి తిప్పి చూసి సంబరపడ్డాడు. 2024 శ్రావణంలో పోయాడు.

మొన్న పెద్దపిల్ల వచ్చింది. బండిని తల్లి పేరుకు మార్పించడానికి దరఖాస్తు రాసి, దిద్దమని ఇచ్చింది. మూడో లైన్లో 'మా నాన్నగారు నేరు' అని ఉంది. చెయ్యి అలవాటుగా ఎర్ర పెన్ను మీదికి పోయింది.

"తప్పా మేస్టారూ?"

"తప్పు కాదమ్మా. ఆఫీసువాళ్ల కోసం" అని 'మరణించారు' అని రాశాను, నీలం పెన్నుతో. తర్వాత పెన్ను మూసి, ఇంట్లో ఎలా ఉందని అడిగాను. గంట సేపు చెప్పింది.

బండి అమ్మేది లేదని వాళ్లమ్మ అంది. డీజిల్ ఖర్చు మాత్రం ఇక ఊరే చూసుకోవాలని, లేకపోతే తాళం ఇవ్వనని కూడా అంది. సంతాప సభ ఫ్లెక్సీకి చందాలిచ్చినవాళ్ల జాబితా నా దగ్గరుంది, వాళ్లిళ్లకే మొదట వెళ్తున్నాను. నోట్‌బుక్‌లో మళ్లీ ఏడు గడులు గీశాం. వేదిక మీద నా పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకడు శుక్రవారం రాయించుకున్నాడు, రెండోవాడు ఆలోచించి చెప్తానన్నాడు. తిత్లీ నాటి కుర్రాళ్లలో ముగ్గురు సోమ, గురు, ఆదివారాలు తీసుకున్నారు. మంగళవారం నాది. బండి తోలడానికి మా తమ్ముడి కొడుకు వస్తాడు, చీటీ పట్టుకుని వరసలో నేను నిలబడతాను. బుధవారం, శనివారం ఖాళీగా ఉన్నాయి. సోంపేట, కంచిలి చుట్టుపక్కల లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బయలుదేరాల్సింది తెల్లవారుజామున నాలుగున్నరకు.